అత్త మొక్కిన నా జడ

ఏటే వసుదా, ఆ సిన్న సీసా ఏటి? ఫోన్లో ఆర్డరిచ్చి తెప్పించుకున్నావా? ఇలా తే, సూడనీ. ఓలమ్మో, ఆముదం! నవ్వకేటి సేస్తానే? ఆముదానికి సీసా, సీసాకి మళ్లీ పెట్టె, పెట్టె మీద ఎవలో తెల్లగుంట బొమ్మ. దాని మొహం సూడు, ఆ గుంట జన్మలో ఆముదం ముట్టినాదంటావా? ఏదీ, వాసన సూడనీ. సూసినావా, వాసనే నేదు. వాసన నేని ఆముదం ఆముదమేటే, వాసన నేని ఎండుసేప ఉంటాదా? మీ తాత అమ్మ, అదే మా అత్త ముసలమ్మ, ఇది గాని సూసుంటే సీసా తీసి ఈదిలోకి ఇసిరీసును. ముసలమ్మ అంటే ముసల్ది అని కాదే, ఆవిడ పేరే ముసలమ్మ. ఊరి దేవత పేరు పెట్టినారట. "పుట్టిన్నాడే నన్ను ముసలమ్మని సేసీసినారు, ఇంక వయసొచ్చి నన్నేటి సేస్తాది" అనీది. సేసినాదిలే, వయసెవల్ని వొదిలినాది గాని.

నాను పెళ్లై శ్రీకాకుళం నించి కలకత్తాలో ఈ వాట్‌గంజ్ వొచ్చినప్పుడు మన లైనంతా మనోళ్లే. మగోళ్లందరూ ఓడల డాకులో మోతపని, ఆడోళ్లం బొగ్గు ఏరుకోడం, ఇళ్లల్లో పాచిపని. ఒక్క గది, గది ముందర ఇంత అరుగు. ఆ అరుగు మీద మా అత్త రాజ్యం. షాలిమార్ కాడ గూడ్సుబళ్లు ఆగే సోట పట్టాల పక్కన ఆముదం సెట్లు ఉండీవి, ఎవలూ నాటినవి కావు, అవే మొలిసీవి. ఏ సెట్టూ నేని సోట ఆముదం సెట్టే మహావృక్షం అంటారు కదా, అది షాలిమార్ సూసే అన్నారేమో. రేవు దాటి ఎల్లి ఒడినిండా కాయలు కోసుకొచ్చీది. ఎండబెట్టి, గింజలు తీసి, దోరగా ఏపి, రోట్లో దంచి, నీళ్లలో ఏసి ఉడకబెడితే నూనె పైకి తేలతాది. దాన్ని గరిటతో తీసి మళ్లీ కాసీది. అదీ వంటాముదం అంటే. ఆ కంపుకి లైన్లో కుక్కలు కూడా అటు రోడ్డుకి పోయి పడుకునీవి. పక్కింటి బెంగాలీ బౌదీ, అదే వొదిన, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని "కీ గొంధో రే బాబా!" అని, ఏటీ కంపురా బాబూ అని అరిసీది. ఈ బెంగాలీలు పనీ పాటా నేనోణ్ని "భేరెండా భాజ్‌ఛే" అంటారు సూడు, ఆముదం గింజలు ఏపుకుంటన్నాడని. ఆవిడ మొగుడు ఓ రోజు మా అత్తని అదే మాట అని ఎకిరించినాడు. "ఔను దాదా, ఏపుతన్నాను, మీ ఆవిడే నిన్న గిన్నెట్టుకుని అడిగినాది" అన్నాది అత్త. ఆయన మొహం ఆముదం తాగినట్టు అయిపోనాది. నిజమేనే, ఆ బౌదీ పగలు ముక్కు మూసుకునీది, మాపటేల గిన్నె పట్టుకొచ్చీది.

ఏటి? నా జుట్టా? ఇప్పుడీ పిలక సూసి అడుగుతన్నావు గాని, అప్పుడు నా జడ కూకుంటే నేలమీద పడీది. మా అత్త పెంచినాదే దాన్ని. అబద్ధమెందుకు, నాకు ఓపికేదీ? శుక్కురారం వొస్తే సాలు, నన్ను అరుగు మీద కూలేసి, నా నెత్తి మీద కూకున్నంత పని సేసి, ఆముదం పోసి తట్టీది. తట్టడం అంటే మామూలు తట్టడం కాదు, కందిపప్పు రుబ్బినట్టు. "అత్తా, బుర్ర పగిలిపోతాది" అంటే "ఉంటే కదా పగలడానికి" అనీది. తరవాత కుంకుడుకాయ నురగ కళ్లలో కొట్టీది. నాను ఏడుస్తంటే నవ్వీది, సచ్చినాది. పండక్కి జడేసుకుని ఎల్తే బెంగాలీ ఆడోళ్లు ఎనక్కి తిరిగి "కీ సుందొర్ చూల్ గో!" అనీవోరు, ఎంత సక్కటి జుట్టో అని. నాకంటే ముందు మా అత్త గర్వపడిపోయీది. ఆవిడ జుట్టు సూస్తేనా, ఎలకతోక. నెత్తిమీద బొగ్గుగంపలు మోసి మోసి మద్దిన ఇంత గుండు తేలిపోయింది.

మీ తాతకి దెబ్బ తగిలింది అప్పుడే. షిప్పులోకి గోనె బేళ్లు ఎక్కిస్తంటే తాడు తెగి బేలు మీద పడ్డాది. ఆసుపత్రిలో తెలివి నేకుండా పడున్నాడు. డాక్టరు "సెప్పలేం" అన్నాడు. నాను గోడకి సేరబడి ఉండిపోనాను. మా అత్త మాత్రం ఆసుపత్రి మెట్ల మీద కూకుని, ఇటు మనూరు ఎటుందో సూసుకుని అటు దండవెట్టి, అందరూ ఇనేటట్టు మొక్కీసినాది. "సిమ్మాద్రప్పన్న బాబూ, నా సూరిగాణ్ని లేపు. లేపితే మా కోడలి జుట్టు మొత్తం నీకిచ్చీస్తాను!" ఇన్నావా? మా కోడలి జుట్టట! అత్తసొమ్ము అల్లుడు దానం సేసినట్టు ఇన్నాం గాని, కోడలి జడ అత్త దానం సెయ్యడం నాను అక్కడే సూసినాను. మొగుడు అలా పడుంటే జడ సంగతేటి మాట్లాడతానే? కొన్నాళ్లకి మీ తాత కళ్లు తెరిసి, మంచినీళ్లు అడిగి, మర్నాడు బీడీ అడిగినాడు. బీడీ అడిగితే ఇంక బతికినట్టే అని లైనంతా తేల్సీసినాది.

ఇంటికొచ్చినాక మొదలైనాదే అసలు పూజ. "పద, సిమ్మాచలం ఎల్లి గుండు సేయించుకుందువు గాని" అన్నాది. "నాను మొక్కలేదు, నానివ్వను" అన్నాను. "గింజలు నావి, నూనె నాది, తట్టిన సేతులు నావి, జుట్టు నీదెలా అయిపోనాదే?" అన్నాది. "తలకాయ నాది కాబట్టి!" అన్నాను. ఎరువేసినోడిదా పంట, నేలున్నోడిదా, అదీ తగువు. లైన్లో ఆడోళ్లందరూ రెండు జట్లైపోయినారు. పుష్పరాణని ఒకర్తుండీది, దాని నోట్లో పొగాకు, పుల్లలు పెట్టడం దాని పని, "మొక్కు తీరకపోతే అప్పన్న ఊరుకోడమ్మా, మళ్లీ పట్టుకుపోతాడు" అని నాకినబడేటట్టు అనీది. నవ్వుతన్నాను గాని వసుదా, నాకు బయమేసిందే. మీ తాత దగ్గితే సాలు, ఇంట్లో ఉన్నోళ్లందరూ నా జడకేసి సూసీవోరు. ఆయనకి కాస్త జొరం తగిలితే నా పేణం పోయీది. ఇలా ఎన్నాళ్లని? ఓ రోజు నానే ఎల్లి "తీసుకో అత్తా, గొరిగీ, నాకొద్దీ జడ" అని ఏడిసీసినాను.

అయితే ఆ ముందురోజే తగువు కోదండం సర్దారు కాడికి ఎల్లిందట. డాకులో మనోళ్లకి పని పంచే సర్దారు ఆయనే, ఇంట్లో తగువులకీ ఆయనే. ఆయనకి నెత్తిమీద ఎంటిక నేదు, జుట్టు తగువు ఆయన తీర్చాల! అయినా మాట మాత్రం నిక్కంగా సెప్పినాడు. "ముసలమ్మా, మొక్కిన నోరు ఎవలిదో జుట్టూ వాళ్లదే ఇయ్యాల. పరాయి సొత్తు అప్పన్న పుచ్చుకోడు" అన్నాడట. మా అత్తకి తల కొట్టేసినట్టయింది. అందుకని నాను ఏడుస్తా తలవొంచితే, ఆవిడ నన్నో తోపు తోసి "ఎవలికి కావాలే నీ బిచ్చం! నా నోరు, నా మొక్కు, నా జుట్టే ఇస్తాను" అన్నాది. "ఆ ఎలకతోకా?" అన్నాను, ఏడుపులో కూడా నోరాగదు నాకు. "ఎలకతోక దేముడికి ఇస్తామేటే? పెంచి ఇస్తాను" అన్నాది.

ఆ వొయసులో, బొగ్గుగంపలు మోసిన నెత్తిన, జుట్టు పెంచుతాదట! ఆవిడకా సెయ్యి బుజం పైకి లేవదు. మరెవలు రాయాలి? నానే. మాటల్నేవు మా ఇద్దరికీ. మాటల్నేకుండానే అరుగు మీద కూకునీది, నాను ఎనకాల కూకుని ఆముదం రాసీదాన్ని. మొదట్లో కసిగా తట్టీదాన్ని, నా బుర్ర బాకీ అంతా తీరిపోయేటట్టు. ఆవిడ తల ఇంకాస్త వొంచీది. వారానికోసారి సాలదని రోజూ రాయించుకునీది. ఇల్లంతా ఆముదవే. తలగడ ఆముదం, గోడకి ఆనుకున్న సోట ఇంత మచ్చ, అన్నంలో కూడా అదే వాసన. ఓసారి ట్రామెక్కితే కిటికీకి తల ఆనించి నిద్దరపోనాది, లెగిసినాక అద్దం మీద మచ్చ సూసి కండక్టరు గొడవ. "మాసిమా, ఏ కీ కొరేఛెన్!" ఇదేటి సేసినారు పిన్నీ అని ఆడు, "దేముడి తైలం బాబూ, దండవెట్టుకో" అని ఈవిడ. ఆడు దండవెట్టుకున్నాడే! బెంగాలీలు దేముడంటే దేనికైనా దండవెట్టుకుంటారు.

మెల్లిగా జుట్టొచ్చినాది. ఆముదం పుణ్యమో, గంపలు మొయ్యడం మానీసినాది కాబట్టో, నాకు తెలీదు. తెల్లగా, ఒత్తుగా, మద్దిన గుండు కూడా మూసుకుపోయి, ఇంత ముడి పడీది. ఆ ముడి సూసుకుని ఆవిడకి పిచ్చెక్కింది. నా అద్దం లాక్కుని అరుగు మీదే కూకునీది. పుష్పరాణి "ముసలమ్మకి వొయసొచ్చినాదర్రా" అంటే మురిసిపోయీది. మొక్కు మాటెత్తితే "ఇంకొంచెం పెరగనీ" అనీది. దసరా అన్నాది, దసరా పోనాది. ఎండలు తగ్గనీ అన్నాది, వానలొచ్చినాయి. నాను ఇంక ఉండబట్టలేక "అత్తా, దేముడు సూస్తన్నాడు" అన్నాను. "సూడనీ, బాగుంది కాబట్టి సూస్తన్నాడు" అన్నాది! ఆ మాటకి నాకు నవ్వొచ్చీసినాది. ఆవిడా నవ్వినాది. అలా మాటలు కలిసినాయి మాకు. అయితే ఆ ఏడు మీ తాతకి మళ్లీ జొరం వొచ్చినాది, మామూలు జొరమే. మర్నాడే మూట కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాది. "పద, హౌడా టేసనుకి. ఈ సూరిగాడు నా జుట్టు ఉంచీలా నేడు" అన్నాది.

సిమ్మాచలంలో మంగలాయన తల తడిపితే నీళ్లు అంటలేదు, జారిపోనాయి. "ఏటమ్మా, ఇది తలా, గానుగా?" అన్నాడు. "జాగర్తగా గియ్యి నాయనా, ఎక్కడపడితే అక్కడ దొరికే జుట్టు కాదది, కలకత్తా జుట్టు" అన్నాది. మొదటి పాయ ఒడిలో పడినప్పుడు మాత్రం దాన్ని రెండు వేళ్లతో ముట్టుకుని సూసుకున్నాది. బయటికొచ్చి ఇద్దరం మెట్ల మీద కూకున్నాం. గుండు తడుంకుంటా "అబ్బ, సల్లగుందే" అన్నాది. నాకు ఎన్నాళ్లుగానో లోపల ఉండిపోయిన మాట అప్పుడు అడిగీసినాను. "కొబ్బరికాయో కోడెదూడో మొక్కుంటే పోయీది కదత్తా, నా జడెందుకు మొక్కినావు?" అని. నాకేసి ఎర్రిదాన్ని సూసినట్టు సూసినాది. "మనింట్లో ఏటుందే? రెండు సత్తుగిన్నెలు, ఒక రేకుపెట్టి. నా కొడుకుని ఇమ్మని అడుగుతన్నాను, బదులు సూపించడానికి ఇంట్లో మంచిదంటూ ఉండాల కదా. ఉన్నది నీ జడొక్కటే. అది నా సేత్తో పెంచినాను. అదిస్తానంటే ఆయనకి తెలుస్తాది కదే, ఎంత బాధలో అడుగుతన్నానో" అన్నాది. ఆ మాటకి నాను ఏడిసీసినాను. కోపం అంతా ఏటైపోయిందో తెలీదు. "ఏడవకు, ముక్కు తుడుసుకో, అందరూ సూసి నీకే గుండు సేసినారనుకుంటారు" అన్నాది.

మళ్లీ జుట్టు పెరిగేదాకా ఉండలేదే. ఆ సలికాలంలోనే పోనాది, అన్నం తిని పడుకుని లెగలేదు. అరుగు మీద పడుకోబెట్టి తానం సేయించినాక, ఆడోళ్లు "తలకి నూనె రాసి దువ్వండమ్మా" అన్నారు. దువ్వడానికేటుంది? గోరంత జుట్టు. నాను గదిలోకెల్లి పొయ్యి కాడున్న ఆముదం గిన్నె తెచ్చినాను, అరసేతినిండా పోసుకుని రాసినాను, ఎప్పుడూ రాసినట్టే, మెల్లిగా తట్టి తట్టి. పుష్పరాణి "సాల్లే, పొద్దుపోతంది, మగోళ్లు నిలబడ్డారు" అన్నాది. నాను ఇన్లేదు. గిన్నెలో ఉన్నదంతా…

ఊ. కుళాయి వొచ్చినట్టుంది, సప్పుడు ఇనబడలేదేటి? లెగు, బిందె పట్టు.