కాళ్లకెక్కిన గొంగడి

బీరయ్య అని ఒక ముసలోడుండె. గొంగడి నేసుట్ల చెయ్యి తిరిగినోడు, కోపంల గూడ అంతే అనుకో. ఆయనకొక్కడే కొడుకు, ఐలేశు. వాడు తెల్లారంగనే సైకిల్‌కు పాలక్యాన్లు తగిలిచ్చి పట్నంల పోసొస్తుండె. ఏమైందంటే, వానికి షుగర్ బీమారొచ్చి కాళ్లల్ల స్పర్శ వోయింది. ఆ యేడు ముసురు వట్టింది సూడుండ్రి, ఇడువదు, సలికి పండ్లు కొట్టుకునుడే. బూట్లల్ల నీళ్లు, నీళ్లల్ల కాళ్లు. కవర్లు సుట్టుకుంటె లోపట చెమట. వేళ్ల సందులు పాసి పుండు లేసింది. డాక్టరేమో, ఇట్లనే తడిస్తే వేలు తీసెయ్యాలె, ఆడికి ఆగకుంటె కాలే వోతది అన్నడంట. సైకిల్ తొక్కకుంటె ఇల్లెట్ల గడుస్తది?

వాని పెండ్లాం కనకవ్వ మామ దగ్గరికి వోయి, "మామా, వానల గొంగడి కప్పుకుంటె ఒంటి మీదికి సుక్క దిగది గదా, గసొంటి ఉన్నితోనే ఆయన కాళ్లకు సాక్సులు జేసియ్యరాదు" అన్నదంట. ముసలోడు గయ్యిమన్నడు. ఏం పిల్లా, గొంగడి పరిచి గొర్లు గాసిన మన దేవుణ్ణి కూసోవెడ్తం, గొంగడి మీద పెండ్లి జేస్తం, దాన్ని తీస్కపోయి బురదల తొక్కిస్తవా, నా పాణముండంగ గది కాదు, అన్నడంట. పాపం, ఆయన్ను గూడ అనొద్దు. కొడుకంటె పాణమే, దేవుడంటె బయం. మనమైనా ఏం జేస్తుంటిమి, జెప్పే అక్కా?

కనకవ్వ ఏం జేసిందంటే, పెట్టె తెరిచి తన పెండ్లి గొంగడి తీసింది. మామ చేతితోని నేసిచ్చిందే అది. ఏడ్సుకుంట కత్తిరిచ్చింది, ఏడ్సుకుంట కుట్టింది. ఐలేశు అవ్వి తొడుక్కొని వానల సైకిల్ తొక్కవట్టె. పుండు ఎండవట్టె. గని తడిసిన గొర్రె వాసన దాగుతదా? నవ్వకుండ్రి, ఉన్నిల పుట్టి ఉన్నిల పెరిగిన ముసలోడాయె. అరుగు మీద కూసోనే ముక్కు ఎగవీల్సిండు. ఒరేయ్, బూట్లిడువు అన్నడంట. వాడు ఇడిసిండు. ముసలోడు సూసిండు. తన నేత తనకెర్కుండదా?

ఇగ కట్టె లేస్తదని కనకవ్వ కండ్లు మూసుకున్నదంట. ముసలోడు సాక్సు మీద చెయ్యేసిండు, తడి. లోపట వేలువెట్టిండు, పొడి. సాక్సు గుంజి, కొడుకు కాలు ఒళ్లె వెట్టుకొని ఒక్కో వేలు ఇప్పి సూసిండు. కండ్లెంబడి నీళ్లు గారినయంట ఆయనకు. మళ్ల కోడలి దిక్కు తిరిగి, "ఓ పిల్లా, కుట్టు లోపటికి వెట్టినవేందే? గది ఒరుసుకున్నా వీనికి తెల్వది గదా, ఇంకో పుండైతది" అన్నడంట. అని, పెద్ద సూది, నల్లున్ని దారం తెచ్చుకొని, అతుకే లేకుండ కొత్త సాక్సులు అల్లవట్టె. అల్లుకుంట, తండ్రీ, నువ్వు గూడ వానల గొర్లెంబడి నడిసినోనివే, తడికాళ్ల తిప్పలు నీకెర్కలేదా, అని దేవునితోని గులుగుడు.

ఐలేశు వేళ్లన్ని బతికినయి. దేవుడేమన్నడో నాకు తెల్వది, నన్నడుగకుండ్రి. పండుగనాడు అందరు వట్టికాళ్లతోని మొక్కుతుంటె, ముసలోడు మాత్రం కొడుకును ఆ సాక్సుల మీదనే తీస్కపోయి దేవుని ముంగట నిలవెట్టిండు. ఎవ్వలన్న నోరెత్తిన్రా అంటరా? ఆయన కోపం సంగతి ముందే జెప్పిన గదా.