మూడో జత మీద మీసం

సెలూన్లో మెడదాకా గుడ్డ కప్పుకుని తాత కూర్చున్నాడు. ఒకప్పుడు పేరున్న దర్జీ. వెనక కత్తి పట్టుకుని సెలూనాయన, బెంచీ మీద మనవరాలు.

“...పందెంలో ఓడిన చరిత్ర మా వంశంలోనే లేదు అబ్బీ! ఈ మీసం ఎక్కడికీ పోదు.”

“కత్తి నూరేశాను పెద్దాయనా. ఆ పోస్టుమాస్టరుతో ఏమని కాశారో ఇంకోసారి చెప్పండి.”

“మూళ్ళని మూళ్ళతోనే గుణించుకుంటూ పో. రెళ్ళని రెళ్ళతోనే గుణించుకుంటూ పో. మూళ్ళ లెక్క రెళ్ళ లెక్క కన్నా సరిగ్గా ఒకటి ఎక్కువయ్యే జతలెన్ని? మా అమ్మడు రెండే అంటుంది. నేను మూడోది పట్టాను. లేదని తేలిందా, మీసం తీయిస్తాను. మాటంటే మాట.”

“అయ్యో తాతా, ఊరంతా చాటావా! రెండే. మూడు, రెండు. తొమ్మిది, ఎనిమిది. అంతే.”

“ఆ అంతే ఏదో మధ్యాహ్నం నోటి పరీక్షలో ప్రొఫెసర్ల ముందు చెప్పు.”

“వెళ్ళట్లేదన్నానుగా. వాళ్ళని చూస్తే నాలుక పిడచకట్టుకుపోతుంది. వెళ్ళకపోతే ఏమవుతుంది, పట్టా రాదు. అంతేగా.”

“అంతేగా మరి. ఇన్నేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరు. సరే, వాళ్ళనొదిలెయ్. నా జత లేదని ఈ బాబాయికి చెప్పు చూద్దాం.”

“ముందు నీ జతేంటో చెప్పు.”

“చెప్తే ఎత్తుకుపోవూ!”

“అక్కర్లేదు. చూడకుండానే లేదని చెప్తా.”

“పెళ్ళికూతుర్ని చూడకుండానే వద్దన్నట్టుంది!”

“నువ్వుండు తాతా. బాబాయ్, మూళ్ళని బేసిసార్లు వేశామనుకో...”

“అంటే ఒక మూడో, మూడు మూళ్ళో, ఐదు మూళ్ళో. అవునామ్మా?”

“అదే. ఎంత పెద్దదైనా నాలుగుతో భాగిస్తే మూడే మిగులుతుంది. ఒకటి తీసేస్తే రెండు మిగులుతుంది. అంటే నాలుగుతో పోదు. ఇరవై ఏడులో ఒకటి తీస్తే ఇరవై ఆరు. పోతుందా?”

“పోదు.”

“ఇరవై... ఆరా?”

“ఆఁ, ఏం తాతా?”

“ఏం లేదు, ఏం లేదు. కానియ్.”

“రెళ్ళ వరసలో రెండు దాటితే అన్నీ నాలుగుతో పోయేవే. కాబట్టి ఇటువైపు మూడు, రెండు తప్ప ఇంకో జత లేదు.”

“పెద్దాయనా, ఎడమవైపు తీసేశాను.”

“తీసేశావా! చెప్పి తియ్యొద్దూ?”

“మాటంటే మాటన్నారుగా.”

“అన్నాన్లే! కుడివైపు నీ వల్ల కాదే అమ్మడూ.”

“సరిసార్లు వేస్తే ఇంకా తేలిక. ఆ లెక్క ఎప్పుడూ ఒక అంకెని దాంతోనే గుణించింది. ఒకటి తీసేస్తే, ఆ అంకెకి ఇటు పక్కదాన్నీ అటు పక్కదాన్నీ గుణించినట్టు.”

“తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి... ఒకటి తీస్తే ఎనిమిది పదులు ఎనభై. భలే!”

“వాళ్ళని గుణిస్తే రెళ్ళ లెక్కే రావాలంటే, ఆ పక్కింటివాళ్ళిద్దరూ రెళ్ళ వంశంలోనే పుట్టి ఉండాలి. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు... వీళ్ళలో మధ్యన రెండే తేడా ఉన్నవాళ్ళెవరు బాబాయ్?”

“రెండూ, నాలుగూ! మిగతావాళ్ళంతా దూరం దూరం!”

“వాళ్ళిద్దర్నీ గుణిస్తే ఎనిమిది. పక్కన తొమ్మిది. అయిపోయింది.”

“ఆగవోయ్, కత్తి ఆపు! ఆపమన్నానా... అయిపోయిందా?”

“తోమిన గిన్నెలా ఉంది. అమ్మా, మొదట్నుంచీ ఒక్కసారి కూడా తడబడలేదే!”

“...అవును కదూ.”

“అయితే లే. ఆ ప్రొఫెసర్ల చేతుల్లో కత్తైనా ఉండదు. వెళ్ళి ఇలాగే చెప్పు.”

“వెళ్తా. ముందు నీ మూడో జత చెప్పు.”

“ఇరవై ఏడు గుండీలు మూళ్ళ కుప్ప. పక్కన రెళ్ళ కుప్ప, రెట్టింపులు చేసుకుంటూ పోసిందే. లెక్కపెడితే... ఇరవై ఆరు.”

“రెట్టింపులైతే ముప్పై రెండు రావాలి! తక్కిన ఆరూ ఏవీ?”

“మధ్యలో లేచి ఒక చొక్కాకి కుట్టాను. ఇదిగో, నీ ఒంటి మీదున్నదానికే.”

“తాతా!”

“పెద్దాయనా, పోస్టుమాస్టరొస్తే ఏం చెప్పను?”

“ఏ పోస్టుమాస్టరూ లేడు, ఏ పందెమూ లేదు. దీని నోరు తెరిపిద్దామని అల్లాను.”

“నా కోసం మీసం వదులుకున్నావా తాతా?”

“ఛ, నేనంత త్యాగమూర్తినా! కల్పించింది ఆ పందెం ఒక్కటేనే. మూడో జత మాత్రం ఒట్టు, ఉందనే అనుకున్నాను. లేకపోతే ఈ కుర్చీ ఎక్కేవాణ్ణా!”