‘వెళ్లొస్తాను’ ఏ నెలలో?

అమెరికాలోని క్యారీ ఊళ్లో 1984 ఆగస్టు. తెలుగు ఆరాధన ముగిశాక చర్చి బేస్‌మెంట్‌లో ఒక పెద్దావిడా, మిడిల్ స్కూల్ పిల్లలకు ఆదివారాలు తెలుగు చెప్పే టీచరూ కలిసి ఏడాది పాఠాలు ప్లాన్ చేస్తున్నారు.

“సెప్టెంబర్‌లో వర్తమానకాలం, జనవరిలో భూతకాలం, మేలో భవిష్యత్కాలం. బాగుందా మామ్మగారూ?”

“మరి ‘వెళ్లొస్తాను’ ఎప్పుడు నేర్పుతావు?”

“అది భవిష్యత్తే కదండీ. మేలో.”

“అప్పటిదాకా నేను ఆగలేనమ్మా. మొన్న మా మనవరాలు నవోమి బాపట్లలో ఉన్న మా అక్కతో ఫోన్‌లో ఏమందో తెలుసా? ‘నేను పోతున్నాను అమ్మమ్మా, బై’ అంది.”

“అయ్యో! ఆవిడేమన్నారు?”

“పిల్లకి ఏం జబ్బు చేసిందోనని ఒకటే ఏడుపు. సాకర్‌కి వెళ్తోందని నేను చెప్పేలోపు లైన్ కట్టయింది. మళ్లీ దొరికేసరికి పాస్టరుగారొచ్చి ప్రార్థన చేస్తున్నారు!”

“నవ్వకూడదు గానీ...”

“నవ్వమ్మా, నేనూ నవ్వాను. కానీ ఎవరు గుమ్మం దాటినా నాకు గుండెదడే. ఆ ‘వస్తాను’ అన్న ముక్క చెవిన పడితేనే కాస్త నెమ్మది.”

“వెళ్లేటప్పుడు వస్తానని ఎందుకనాలి అని పిల్లలు అడుగుతారండీ.”

“మామ్మ భయస్తురాలు, అందుకని చెప్పు.”

“సరే, భవిష్యత్కాలాన్నే ముందుకు తెచ్చి మొదటి ఆదివారమే నేర్పిస్తాను. మరి మేలో ఖాళీ వచ్చిందే?”

“అప్పుడు ‘వచ్చేశాను’ నేర్పు.”

“అది భూతకాలం, మామ్మగారూ!”

“ఏ కాలమైతేనేం? గుమ్మంలోంచి గట్టిగా అరవమను, చాలు.”