నూకరత్నం వెల్డింగు సీటు

నూకరత్నానికి కుట్టుమిషనంటే ఒళ్ళుమంటంట. మొగుడితో పొసగక పుట్టింటికొచ్చేసిందా, అన్న ఇంట్లో వదిన చూపులు భరించలేక ఏదో ఒక పని నేర్చుకుందామని మన ఊరి ఐటీఐ కాలేజీకి పోయిందంట. అప్పట్లో అది ఇప్పట్లా మేడ కాదు, పచ్చి పొగాకుని సెగ పెట్టి ఎండబెట్టే కొట్టం, బేరనంటారే, అది. ఎవరో రైతు వాడకుండా వదిలేస్తే అందులో పెట్టారు. పాఠం విని ఇంటికెళ్ళిన కుర్రాళ్ళ చొక్కాలు గుప్పున చుట్టకంపు కొట్టేవంట. చదువుకెళ్ళావా, చుట్టలకెళ్ళావా అని అమ్మలు చెవులు మెలేసేవాళ్ళు. నవ్వకండే, నిజం. మగపిల్లలకి వెల్డింగు, ఆడవాళ్ళకి కుట్టుపని, అంతే. ప్రిన్సిపాలు భీమశంకరంగారు మంచాయనే, కాకపోతే ఆడమనిషి కనపడితే చాలు, ఆయనకి సూదీదారమే గుర్తొస్తాయి.

ఈవిడ ఏమందంటే, సారూ, ఊళ్ళో ఇంటికో కుట్టుమిషనుంది, ఎవరి జాకెట్టు ఎవరు కుడతారు, గేటు విరిగినా, ట్రాక్టరు తొట్టి ఊడినా అతికించే మనిషి మాత్రం లేడు, నాకు వెల్డింగులో సీటివ్వండి, రోడ్డు పక్కన కొట్టు పెట్టుకుని నా బతుకు నేను బతుకుతాను అందంట. ఆయనేమో, "నిప్పురవ్వలమ్మా! చీర అంటుకుంటే ఎవరు జవాబుదారీ? వెళ్ళి కాజాలు కుట్టుకో" అన్నాడంట. ఎప్పుడడిగినా అదే మాట. చేసేది లేక కుట్టు క్లాసులోనే చేరింది.

ఇలా ఉండగా ఏమైందంటే, చెప్పాపెట్టకుండా తనిఖీకి పైనుంచి ఆఫీసరు దిగాడు. బెంచీలు ఖాళీగా కనిపించాయా, కాలేజీ ఎత్తేసి టౌన్లో కలిపేస్తారు. మరి కుర్రాళ్ళేరీ? క్లాసులో ఒకడి పెళ్ళని అందరూ లారీ ఎక్కి పోయారు. ఒకడు తాళి కడుతుంటే క్లాసంతా పక్కన నిలబడాలి కదా మనవాళ్ళకి! భీమశంకరంగారు కుట్టు క్లాసుకి పరిగెత్తుకొచ్చి, "అమ్మల్లారా, చీరల మీద కాళ్ళదాకా వచ్చే ఈ ఖాకీ కోట్లు తొడుక్కుని, మాస్కులు పెట్టుకుని వెల్డింగు షెడ్డులో నిలబడండి, ఆయన అలా చూసి ఇలా పోతాడు" అన్నాడంట. మాస్కంటే ఎరుగుదురుగా, మంట వెలుగు కంట్లో పడకుండా మొహమంతా కప్పే డొప్ప. "ఇయ్యాల చీర అంటుకోదా సారూ?" అంది నూకరత్నం. "నీకు దణ్ణం పెడతా, తొడుక్కోవే తల్లీ" అన్నాడాయన.

తొడుక్కున్నారు, నిలబడ్డారు. ఆఫీసరు షెడ్డులోకొచ్చాడు. చూసి పోతాడనుకుంటే పోడే! ఎదురుగా ఉన్న నూకరత్నంతో "ఏదీ బాబూ, ఒక అతుకు వెయ్యి" అన్నాడంట. రాడ్డు తీసి ఇనపరేకుకి ఆనించిందో లేదో, అతుక్కుపోయింది. లాగుతుంది, రాదు. మళ్ళీ లాగుతుంది, రాదు. లాగినప్పుడల్లా గాజులు గలగల. ఆ మోత వినపడకుండా భీమశంకరంగారు దగ్గు మొదలెట్టాడనుకో. ఎంతసేపని దగ్గుతాడు! "మాస్కు తియ్యి బాబూ" అన్నాడు ఆఫీసరు. తీసింది. నుదుటిమీద ఇంత బొట్టు!

"ఎన్నాళ్ళుగా నేర్చుకుంటున్నావమ్మా?" అనడిగాడంట. అప్పుడు చూడాలి మన సారు మొహం, పాలిపోయింది. నూకరత్నం తడుముకోలేదు. "ఇయ్యాలే చేరానండీ. ఆడవాళ్ళకీ వెల్డింగు నేర్పాల్సిందేనని మా సారే పట్టుబట్టి సీటిచ్చారు. కొత్త కదండీ, రాడ్డు అతుక్కుపోయింది" అంది. నిజమేనా అని ఆఫీసరు సారు వైపు తిరిగాడు. ఏమంటాడే? "అవునండీ" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి పడిందో లేదో, షెడ్డులో మాస్కులన్నీ టపటపా లేచాయంట, మేమూ ఇయ్యాలేనండీ, మేమూ ఇయ్యాలేనండీ అని. ఆఫీసరు మురిసిపోయి, ఇలాంటి కాలేజీ నేనెక్కడా చూళ్ళేదు, వచ్చే నెలొచ్చి వీళ్ళ పని చూస్తానన్నాడు. ఇంకెక్కడికి తప్పించుకుంటాడు మన సారు!

అదీ సంగతి. ఇప్పటికీ ఏటా కాలేజీ పండగలో, ఆడవాళ్ళకి వెల్డింగు నేర్పించిన మహానుభావుడని భీమశంకరంగారికి శాలువా కప్పుతారు. ఆయనా వంగి కప్పించుకుంటాడు. ముందు వరసలో కూర్చుని నూకరత్నమే గట్టిగా చప్పట్లు కొడుతుంది. సరేగానీ, మా దొడ్డి గేటు బందు ఊడింది, పొద్దున్నే ఎవరన్నా ఆవిడ కొట్టు దాకా వెళ్ళి ఓ మాట చెప్పండే.