సగం జవాబు

హిందూపురంలో గది అద్దెకు తీసుకుని ఒక్కతే ఉంటున్న కళావతిని చూడ్డానికి పెనుకొండ నుంచి చెల్లెలు రేఖ వచ్చింది. పైథాన్ కోడింగ్ నేర్చుకునే కొత్తవాళ్ల కోసం ఆన్‌లైన్ గ్రూపులో అక్క రాస్తున్న జవాబును వెనక నిలబడి చదివింది.

"తప్పు యాడుందో చెప్పినావు గానీ, ఎట్ల దిద్దుకోవాలో రాయలేదేంటికక్కా?"

"మొత్తం చెప్తే థ్యాంక్స్ పెట్టి పోతారు మే."

"పోనీ. పనైపోయినాక ఉండి ఏం చేస్తారు?"

"సగం చెప్తే, మళ్లీ ఎర్రర్ వస్తాంది మేడం అంటా తిరిగొస్తారు. ఇంకో రెండు మాటలు మాట్లాడొచ్చు."

"గుడిబండ పిల్ల రోజూ డౌట్లు అడుగుతాది, వాళ్ల గొర్రెపిల్లల సంగతులు గూడా చెప్తాదంటివే?"

"ఇంక రాదులే. మధ్యలో ఎవరో దూరి, ఆ పిల్లకి మొత్తం చెప్పేసినారు."

రేఖ బ్యాగు భుజాన వేసుకుంది.

"పోయొస్తానక్కా, బస్సుకు టైమైతాంది."

"కాఫీ తాగి పోదువుండు."

కళావతి లోపలికి వెళ్లి గ్లాసు తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది.

"ఏమక్కా, సగమే పోసినావు?"

"ముందు అది తాగు మే. మళ్లీ పోస్తా."