రచయితల బల్ల మీద నా పుస్తకం

మొన్న శనివారం మా అబ్బాయి ఇంటి గరాజ్ తలుపు పైకెత్తి, మడత కుర్చీలు వేసుకుని, అల్లం టీ ఫ్లాస్క్ మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. బయట అమెరికా వాన, ఈ బాతెల్ ఊరి వాన. మా అద్దంకి వానలాగా ఒక్కసారి దంచి పోయే రకం కాదు, కొళాయి సరిగ్గా కట్టని ఇంట్లోలా రోజంతా కారుతూనే ఉంటుంది. అలాంటి వానలో మాటలే దిక్కు. మాటల్లో నన్ను మించినవాడు ఈ వాషింగ్టన్ రాష్ట్రంలో లేడు. ఇది నేను చెప్పుకోవడం కాదు, రామమోహన్ గారే అన్నారు.

రామమోహన్ గారు రిటైరైన డాక్టరు. నేనేం చెప్పినా నవ్వుతారు, అందుకని ఆయన మీద నాకే కోపమూ లేదు. ఆయన పక్కన మా ఆవిడ జానకీదేవి. ఎదురుగా ధర్మారావు. ఈయన సంగతి కొంచెం చెప్పాలి. నాకంటే ముప్పయ్యేళ్ళు ముందు ఈ దేశం వచ్చిన ఇంజినీరు. తెలుగు సంఘం ఉగాది సభలో ఏ బల్ల ఎక్కడ వేయాలో, దాని మీద ఎవరు ఏం పెట్టుకోవాలో అంతా ఈయన చేతిలోనే ఉంటుంది.

నేను లారీ తోలినవాణ్ణి. కూడబలుక్కుని బోర్డులు చదవగలను, సంతకం పెట్టగలను. ఆపైన నాకు నోరుంది. ఆ నోటితో నేను చెప్తుంటే ఫోన్ రాసుకుంది, మా కోడలు భవిత తప్పులు దిద్ది కంప్యూటర్లో ఎక్కించి పుస్తకం చేసింది. పేరు 'నేను మర్చిపోలేదు'. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి నన్ను ఎవరెవరు, ఎక్కడ, ఏ మాటతో అవమానించారో అంతా అందులో ఉంది. ఎవరైనా ఆన్‌లైన్లో కొంటే అప్పటికప్పుడు ఒక కాపీ అచ్చేసి వాళ్ళింటికి పంపిస్తారు.

ఉగాది సభలో రచయితల బల్ల అని ఒకటి వేస్తారు. దాని మీద నా పుస్తకం కూడా పెట్టమని, ఇంకా అచ్చుకి పోకముందే అడిగితే, ఈ ధర్మారావు పదిమందిలో ఏమన్నాడో తెలుసా? "వేలిముద్ర వేసేవాడికి పుస్తకమేంటయ్యా?" అన్నాడు. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ అలాగే ఉంది. ఆపైన ఒక షరతు కూడా పెట్టాడు. "చుట్టం కాకూడదు, స్నేహితుడు కాకూడదు, మొహమాటానికి కొనకూడదు. అలాంటివాడు ఒక్కడు నీ పుస్తకం కొన్నాడని చూపించు. బల్ల మీద నేనే పరుస్తాను."

ఆ శనివారం టీ పోసుకుంటూ ఆయనే కదిపాడు. "ఏవయ్యా లక్ష్మీపతీ, వచ్చే వారమే సభ. దొరికాడా నీ ఒక్కడు?"

ఇంక నేను ఊరుకుంటానా?

"ఒక్కడేంటి ధర్మారావూ, ఒక్కడితో ఆగిందా? అసలు పుస్తకం ఎట్లా అమ్మాలో ఈ దేశంలో ఎవడికీ తెలీదు. పాపం రచయితలు ఫ్రీగా ఇచ్చి, శాలువా కప్పించుకుని, మిగిలిన అట్టపెట్టెలు కారు డిక్కీలో వేసుకుని తిరుగుతుంటారు. నేనేం చేశానో విను. పోయిన నెల ఇండియన్ స్టోర్‌కి వెళ్ళా. బెండకాయల దగ్గర అనూప్ కనిపించాడు, మా వాడి ఆఫీసులో చేస్తాడు, వాళ్ళ గృహప్రవేశంలో నేను ఇంకా పెరుగన్నం దాకా రాకముందే నా చేతిలో ప్లేటు లాక్కుని చెత్తబుట్టలో వేసినవాడు. మెల్లగా పక్కకెళ్ళి, 'బాబూ, నీ సంగతి పుస్తకంలో రాశాను' అన్నా. అంతే. ఏ పేజీ అంకుల్ అన్నాడు. చెప్పలా. కుడిచేత్తో బెండకాయ విరుస్తూనే ఎడంచేత్తో ఫోన్ తీసి అక్కడికక్కడే కొనేశాడు."

"అనూప్ నాతో కొనలేదన్నాడే!" అన్నాడు ధర్మారావు.

"మరి అంటాడా? పేజీలో ఏముందో చూసుకున్నాక ఎవడొప్పుకుంటాడు? నువ్వయితే ఒప్పుకుంటావా?"

ధర్మారావు ఇంకో గుక్క టీ తాగాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అనూప్ బెండకాయలు ఇంటికి చేరేలోపల వాట్సాప్‌లో ఊరంతా పాకింది. లక్ష్మీపతి గారు అందరి గురించీ రాశారంట అని. ఇంక చూడు! గుళ్ళో నా చెప్పులు పక్కకి తన్నినవాడు కొన్నాడు. నేను నమస్కారం పెడితే ఫోన్ చూసుకున్నవాడు కొన్నాడు. తలా ఒక వంట తెచ్చుకునే పొట్లక్‌లో నా గోంగూర పచ్చడి తీసుకెళ్ళి కాగితం ప్లేట్ల వెనకాల పెట్టినావిడ రెండు కొంది, ఒకటి చదవడానికి, ఒకటి చింపడానికి. మన వీధిలో డెలివరీ బళ్ళు ఒకదాని వెనక ఒకటి నిలబడి, ఆ వరస హైవే ఎక్కి, సియాటిల్ దాకా పోయింది. పుస్తకాలు తడుస్తాయని వాన మూడ్రోజులు ఆగింది."

"ఎప్పుడాగిందండీ? బట్టలు ఆరక నేను చస్తుంటేనూ!" అంది మా ఆవిడ.

"నువ్వు డ్రయర్లో వేస్తావు, నీకెట్లా తెలుస్తుంది? మధ్యలో రాకు. అక్కడ జెర్సీ సిటీలో ఇంకో గొడవ. పొద్దున ట్రెయిన్లో మనాళ్ళందరి చేతుల్లోనూ నా పుస్తకమే, ఎవడి పేరు వాడు వెతుక్కుంటున్నాడు, దిగాల్సిన స్టేషన్ దాటిపోయినా తల ఎత్తలేదు, ట్రెయిన్ ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగి, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకి చేర్చింది. మన్‌హాటన్‌లో ఆఫీసులు తెరిచేవాడు లేడు. టికెట్లు చూసే తెల్లాయన ఒకడు నాకు ఫోన్ చేశాడు, 'సార్, పోయినేడు మీరు మా ట్రెయిన్ ఎక్కినప్పుడు టికెట్ రెండుసార్లు అడిగాను, నేనూ ఉన్నానా' అని."

"ఉన్నాడా?" అన్నారు రామమోహన్ గారు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ.

"ఉన్నాడు. రెండుసార్లు అడిగితే రెండుసార్లు రాశాను. నా దగ్గర అన్యాయం ఉండదు. ఇంక మోరిస్‌విల్ అనే ఊళ్ళో అయితే కంపెనీలో సాఫ్ట్‌వేర్ పడిపోయింది. లేపాల్సిన మనోళ్ళంతా సెలవు పెట్టి పుస్తకం చదువుతున్నారు. వాళ్ళ మేనేజర్ అమెరికా ఆయన, వీళ్ళేం చదువుతున్నారో తెలీక, ఒక్క రాత్రిలో అఆఇఈలు నేర్చుకుని పొద్దున్నకి నా పుస్తకం గడగడా చదివాడు. నేను కూడా అంత గడగడా చదవలేను, ఆ సంగతి ఒప్పుకోవాలి."

"దేవుడా!" అంది జానకి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? క్షమాపణలు! పూతరేకులు, ఆవకాయ జాడీలు, పట్టుపంచెలు, ఈ గరాజ్ నిండిపోయి కారు పెట్టడానికి చోటు లేదు."

ధర్మారావు చుట్టూ చూశాడు. గడ్డి కోసే మిషను, మంచినీళ్ళ సీసాల కట్టలు, మనవడి సైకిలు. "ఏవీ జాడీలు?"

"అన్నీ తిప్పి పంపించా. నేను లంచం తీసుకునేవాణ్ణా? ఒక ఆవకాయలో ఉప్పు తక్కువైందని ఉత్తరం కూడా పెట్టించా. అదంతా ఒక ఎత్తు, పుస్తకంలో లేనివాళ్ళ ఏడుపు ఇంకో ఎత్తు. వాళ్ళకి ఊళ్ళో మొహం చెల్లడం లేదు. 'లక్ష్మీపతి గారు గుర్తు పెట్టుకునేంత మనుషులు కాదా మీరు' అని పెళ్ళాలే అడుగుతున్నారు. దాంతో మన ఇంటి ముందు క్యూ. ఎందుకు? నన్ను అవమానించడానికి! 'అంకుల్, ఒక్కసారి తిట్టనివ్వండి, రెండో ముద్రణలో వేయండి' అని బతిమాలుతున్నారు. మా ఆవిడ టోకెన్లిచ్చింది."

"నేనా?"

"నువ్వే. మర్చిపోయావు. ఒక కుర్రాడొచ్చి మీ మీసం బాలేదన్నాడు. ఇదేం తిట్టురా, దీనికి కాగితం దండగ, పో, ఇంటికెళ్ళి నేర్చుకునిరా అన్నా. ఇంకొకాయన నన్ను మొండివాడన్నాడు. అది నిజం, నిజం చెల్లదన్నా. పొద్దుట్నించి పొద్దుగూకేదాకా కూర్చుంటే ఒకే ఒక్క తిట్టు పాసైంది, అది కూడా అత్తెసరు మార్కులతో. ఇంక ఇండియాలో వీసా ఇంటర్వ్యూలో ఏమడుగుతున్నారో తెలుసా? చదువు అడగట్లేదు, ఉద్యోగం అడగట్లేదు, లక్ష్మీపతి పుస్తకంలో మీ వాళ్ళెవరైనా ఉన్నారా అని అడుగుతున్నారు. ఉంటే స్టాంపే! చివరికి ఈ రాష్ట్రంలో కాగితానికి చెట్లు చాలడం లేదు. నేను వాకింగ్‌కి వెళ్తే పార్కులో దేవదారు చెట్లు నన్ను చూసి కొమ్మలు దగ్గరికి ముడుచుకుంటున్నాయి. మొన్న ఒక చెట్టు వేళ్ళతో సహా లేచి రోడ్డు దాటబోయింది. నేనే ఆపి, సిగ్నల్ పడేదాకా ఉండమన్నా. ఇంతకీ ధర్మారావూ, ఇంత గిరాకీ దేనివల్లనుకున్నావు? నీ గురించి రాసిన ఆ నాలుగు పేజీల వల్ల!"

ధర్మారావు కప్పు ఎత్తి తాగాడు. కప్పులో టీ ఎప్పుడో అయిపోయింది.

సరిగ్గా అప్పుడే మా కోడలు మిరపకాయ బజ్జీల పళ్ళెం పట్టుకుని ఇంట్లోంచి వచ్చింది. "ఏంటి మావయ్య గారూ, పుస్తకం సంగతేనా? అమ్ముడైంది ఒక్కటే కదా, మొన్న ఫోన్‌లో చూపించాను!"

రామమోహన్ గారికి టీ పొలమారింది. మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ధర్మారావు మొహం చూడాలి, లాటరీలో వీసా తగిలినవాడిలా వెలిగిపోయింది.

"ఒక్కటి! సియాటిల్ దాకా బళ్ళు! ఆ ఒక్కటీ నీ బావమరిది కొనుంటాడు. చుట్టం చెల్లదు, అయిపోయింది. బల్ల లేదు, ఏమీ లేదు."

"మా వాళ్ళెవరూ కొనలేదు అంకుల్. చుట్టాలకీ ఫ్రెండ్స్‌కీ మేమే ఫ్రీగా పంచేశాం. అవి దీంట్లో లెక్కకి రావు. ఇదెవరో బయటివాళ్ళే. పేరు మాకు చూపించదు."

నేను ఇరుక్కున్న మాట నిజమే. ఎవరో తెలీనివాణ్ణి తీసుకొచ్చి ఎట్లా చూపించేది? అయినా తోలేవాడు స్టీరింగ్ వదలకూడదు.

"ఎవడైతేనేం," అన్నాను. "ఆ ఒక్కడూ నీ నాలుగు పేజీలు చదివి ఇంటిల్లిపాదికీ వినిపించి ఎంత నవ్వించి ఉంటాడో!"

"ఏ నాలుగు పేజీలయ్యా?" కుర్చీలోంచి లేచాడు ధర్మారావు. "నాలుగు పేజీలు, నాలుగు పేజీలని ఊరంతా చాటావు! అట్టనించి అట్టదాకా రెండుసార్లు చదివాను. నా పేరే లేదు!"

రామమోహన్ గారు చేతిలో బజ్జీ మళ్ళీ పళ్ళెంలో పెట్టేశారు.

"అంకుల్," అంది భవిత మెల్లగా, "ఆ కాపీ మీదేనా?"

ధర్మారావు కూర్చున్నాడు. లేచినంత గట్టిగా కూర్చోలేదు.

నేను తొందరపడలా. ఒక బజ్జీ తిని, చేతులు తుడుచుకుని, అప్పుడు అడిగా. "ధర్మారావూ, నువ్వు నాకు చుట్టానివా?"

"కాదు."

"స్నేహితుడివా?"

"ఛీ."

"మొహమాటానికి కొన్నావా?"

"నీ దగ్గర నాకు మొహమాటమేంటి?"

"అయితే డాక్టరు గారూ, మీరే సాక్షి. రచయితల బల్ల!"

రామమోహన్ గారు చప్పట్లు కొట్టారు. "రుజువు చూపించాలి కదా ధర్మారావు గారూ, షరతు మీదే. పుస్తకం ఏదీ?"

"కార్లో ఉంది."

"గొడుగు తీసుకెళ్ళండి అన్నయ్యగారూ, తడుస్తుంది," అంది మా ఆవిడ. తడిసేది ఆయన కాదు, పుస్తకం.

తెచ్చాడు. సీటు కింద, సంచీలో చుట్టి దాచాడు. పేజీల మూలలు మడతలు, పక్కనంతా పెన్సిలు గీతలు. చుట్టాలు ఒక్కరు కూడా ఇంత చదవలేదు, అది నేను మర్చిపోను.

"అందర్నీ రాశావు," అన్నాడు ధర్మారావు, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని. "ప్లేటు లాగినవాణ్ణి రాశావు. చెక్‌పోస్టులో నిన్ను చూసి మొరిగిన కుక్కని కూడా రాశావు. నన్నెందుకు వదిలేశావయ్యా? నేనన్న మాట అంత చిన్నదా?"

"చిన్నదా? అంత పెద్ద మాట నన్ను ఇంకెవరూ అనలేదు. వేలిముద్ర అన్నవాడికి నా అచ్చులో చోటిస్తానా?"

 ఆయన జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, పుస్తకం మొదటి పేజీ తెరిచి, రెండూ నా ముందు పెట్టాడు. "అయితే ఇప్పుడు రాయి."

రాశాను. నేను రాసేలోపల బజ్జీలు చల్లారాయి, ఎవ్వరూ ముట్టుకోలేదు. 'ధ'కి పొట్టలో చుక్క పెట్టకుండా, కింద వత్తు మాత్రం చూసి మరీ పెట్టాను.

ధర్మారావుకి. నేను మర్చిపోలేదు. లక్ష్మీపతి.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసి చదివాడు. ఇంకోసారి చదివాడు. బల్ల మీదకి తెల్లగుడ్డ నేనే ఇస్త్రీ చేసి తెస్తాలే అని గొణిగాడు. ఆ తర్వాత ఏం చేశాడో తెలుసా? పుస్తకం ఎత్తి రామమోహన్ గారి మొహం ముందు పెట్టాడు.

"చూశారా డాక్టరు గారూ? అనూప్‌ది ముప్ఫయ్యో పేజీ. నాది మొదటి పేజీ!"