నాలుగు పేపర్లలో ఒకటే తప్పు

“మేడమ్! ఒక్కసారి బయటికి రండి మేడమ్!”

విన్నావా అమ్మలూ? నీ క్లాసు పిల్లలే, నలుగురూ! మందుల షాపు మలుపు దగ్గర మొదలెట్టిన కేక, మన గేటు దాకా అదే వరస! ఎదురింటి ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి మరీ చూస్తున్నాడు. ఆదివారం పూట ఈ గోలేంటి, మనింట్లో నిప్పంటుకుందనుకోరూ?

పొద్దుట్నుంచీ చూస్తున్నా. ఆ ఎర్ర పెన్ను మూత తీస్తావు, పెడతావు, మళ్ళీ తీస్తావు. పేపరు మీద మాత్రం ఒక్క గీతా పడదు.

నన్ను కూర్చోమంటావేమిటి, కూర్చునే ఉన్నాగా! సరే, లేను. వంటింటికీ ఈ గదికీ తిరుగుతూనే ఉన్నాను. మీ పిన్ని రెండుసార్లు కసిరింది కూడానూ, “బాబాయ్‌వా, గడియారం లోలకానివా” అని.

అయినా తెలియక అడుగుతాను, ‘నన్ను మార్చేసిన ఒక రోజు’ అని వ్యాసం రాయమన్నావే, వాళ్ళ వయసెంతని? పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. మధ్యలో నువ్వు. ఎప్పుడు మారతారు పాపం? తల దువ్వుకోడానికే టైము చాలదు!

అబ్బ, కోప్పడకు. మిడ్ సెమిస్టర్ మార్కులు రేపు పొద్దున్నే ఇచ్చెయ్యాలి, తెలుసు. ఈ నలుగురూ కాపీ కొట్టారని పేర్లు ప్రిన్సిపాల్‌కి పంపితే చివరి పరీక్ష రాయనివ్వరు, అదీ తెలుసు. నిన్న వాళ్ళతోనూ అనేశావాయె, అందుకే ఈ కేకలు. నువ్వే కదా చదివి వినిపించావు. ఒకడు లిఫ్టులో ఇరుక్కున్నాడు. ఒకమ్మాయి రైల్లో, సొరంగం మధ్యలో. ఆ సోడాబుడ్డి కళ్ళద్దాల పిల్ల బ్యాంకు లాకరు గదిలో. పొడుగోడు మరీ అన్యాయం, స్నానాలగదిలో!

నలుగురి పక్కనా చీకట్లో ఒకావిడ. నలుగుర్నీ గొడుగుతో భుజమ్మీద ఒక్కటేసింది. “స్నానాలగదిలోకి గొడుగెందుకురా నాయనా!” అని నువ్వంటే నాకు నవ్వాగలేదు.

ఆ తర్వాతి వాక్యం చదివావు చూడు, అక్కడ ఆగింది.

‘నా గుండె తాత్పర్యంగా ఆగిపోయింది.’

నలుగురిదీ అదే మాట. “తప్పయినా ఎవరి తప్పు వాళ్ళు చెయ్యరా? తాత్కాలికంగా అని ఒక్కరికీ రాదా? తాత్పర్యమంటే పద్యం కింద రాసే అర్థం కదా!” అన్నావు. నేనా పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్నాను. కళ్ళు తుడుచుకున్నాను. ఉల్లిపాయల ఘాటనుకో.

ఏమిటా చూపు? చెప్తున్నా, చెప్తున్నా. మంచినీళ్ళు తాగనీ.

రోజూ నీ క్యారేజీ కాలేజీకి పట్టుకొచ్చేది ఎవరు? నేను. నువ్వు క్లాసులోంచి వచ్చేదాకా స్టాఫ్‌రూమ్ ముందు బల్ల మీద కూర్చునేది ఎవరు? నేనే. అక్కడ పిల్లలు తలలు పట్టుకుని ఏం రాయాలిరా దేవుడా అంటుంటే, నేను నోరు మూసుకుని కూర్చోగలనా? నన్ను నువ్వెరగవూ?

లిఫ్టు నాదే అమ్మలూ. గొడుగు మీ పిన్నిది.

ఆ ఎనిమిదంతస్తుల బిల్డింగులో లిఫ్టు నడపడానికి కొత్తగా చేరాను. నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య కరెంటు పోయింది. లోపల నేనూ, ముక్కూ మొహం తెలియని ఒకమ్మాయీ. భయపడకండి అని చెయ్యి చాపానో లేదో, గొడుగు తీసి ఒక్కటిచ్చింది! “ఆ మూల నుంచి కదిలావంటే చూడు!” అంది. ఇవాళ్టిదాకా కదిలానా? అప్పుడు నా గుండె... ఆఁ, ఆ మాటే. ఎవరికి చెప్పినా ఆ మాటే చెప్తాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారమ్మా! ఎంత సంతోషమేసిందో! ఇంట్లో ఎవరు వింటారు ఆ కథ?

కాబట్టి వాళ్ళు ఒకళ్ళది చూసి ఒకళ్ళు రాయలేదు. ఎవరికి వాళ్ళు నా దగ్గర్నుంచే ఎత్తుకెళ్ళారు. అదీ తప్పే, కాదనను. తమది కాని రోజుని తమదన్నారు. మార్కులు కొయ్యి, మళ్ళీ రాయించు. ఇవాళ్టి సంగతే రాయమను! మేడమ్ ఇంటి ముందు నిలబడి వీధి వీధంతా తలుపులు తెరిపించిన రోజు, ఇంతకంటే ఏం కావాలి? పేర్లు మాత్రం పంపకు తల్లీ.

పొద్దున్నే ఎందుకు నోరు విప్పలేదంటావా?

సిగ్గేసిందే. లిఫ్టు చెడినప్పుడల్లా అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి తగిలించేవాణ్ణి, ‘లిఫ్టు తాత్పర్యంగా పనిచేయదు’ అని. మెట్లెక్కలేక రొప్పుతూ వచ్చినవాళ్ళు కూడా అది చూసి నవ్వుకుంటూ పోయేవాళ్ళు. ఎంత మంచి మనుషులో, లిఫ్టు లేకపోయినా నవ్వుతున్నారని మురిసిపోయేవాణ్ణి! రిటైరయ్యేదాకా అదే అట్ట. ఇవాళ ఉల్లిపాయల దగ్గర తెలిసింది, ఎందుకు నవ్వారో.

నువ్వూ నవ్వు. నవ్వుకో.

ఏంటీ? తెలుసా? నీకు ముందే తెలుసా!

బళ్ళో చదివేటప్పట్నుంచా? అయితే పొద్దున నా ముందు అనేశాక తట్టిందన్నమాట, ఆ మాట నాదేనని. అందుకేనా ఆ మూత తీయడం, పెట్టడం? నన్నడగలేకా? అడిగితే నా తప్పు నాకు తెలిసిపోతుందనా?

ఓసి పిచ్చిదానా! లోకంలో పిల్లలందరివీ దిద్దుతావు. ఇన్నేళ్ళూ నాదొక్కటీ దిద్దలేదేమే?

ఏమన్నావ్?... దిద్దితే నేను చెప్పినట్టుండదా? చాల్లే, ఊరుకో. ఈసారి చేతిలో ఉల్లిపాయ కూడా లేదు, కళ్ళు తుడుచుకుంటే నెపం దేని మీద పెట్టను!

ఏమేవ్! ఇంకో నాలుగు కంచాలు తియ్యి! ఎవరికంటావేంటి, నీ కథ రాసినవాళ్ళకే! రండర్రా, అరిచింది చాలు. చెప్పులు అక్కడ విప్పండి. పొడుగోడా, తల జాగ్రత్త, గుమ్మం పొట్టిది. గొడుగావిడెవరని మాత్రం అడక్కండి, వడ్డించేది ఆవిడే.

జరగండి, కాస్త జరగండి. సోడాబుడ్డమ్మా, నువ్విలా రా. అమ్మలూ, నువ్వూ కూర్చో. ఇదిగో, నేనూ కూర్చున్నాను, చూశావా?

తింటూ పట్టుకుంటావా ఏంటి దాన్ని? ఆ ఎర్ర పెన్ను తాత్పర్యంగా అవతల పెట్టు.